గోల పుస్తకంలో మా ఇంటి నంబరు

"నేను చూడని ఆ ఒక్క నిమిషంలోనే పాప ఊపిరి ఆగిపోతే?"

ఈ మాట మా ఆయనతో రోజుకు పదిసార్లైనా అనేదాన్ని. ఆయన బడిలో లెక్కల మాస్టారు. మొదట్లో ఓపిగ్గా జవాబు చెప్పేవారు. తర్వాత్తర్వాత "ఇది పదకొండోసారి, ఇక చాలు" అనడం మొదలుపెట్టారు.

పాప ఎనిమిది వారాలు ముందుగా పుట్టింది. ఆసుపత్రిలో గాజు పెట్టెలో ఉండగా నా కళ్ల ముందే రెండుసార్లు ఊపిరి ఆగి నీలంగా మారింది. రెండుసార్లూ నర్సు తాపీగా వచ్చి పాప అరికాలిని వేలితో తట్టింది. ఊపిరి మళ్లీ మొదలైంది. "నెలలు నిండని పిల్లలు అప్పుడప్పుడు మర్చిపోతారమ్మా. గుర్తు చేస్తే చాలు" అంది నర్సు. ఇంటికి పంపేటప్పుడు ఇక ఆ ప్రమాదం దాటిపోయిందని డాక్టరు చెప్పారు. ప్రమాదం పాపను దాటిందేమో, నన్ను దాటలేదు. ఆ భయంతో నేనొక తప్పు చేశాను. దాన్ని దాచడానికి ఒక పెద్దావిడ మీద నెట్టాను. నేను రాయదలుచుకున్నది ఆవిడ గురించి. నా గురించి రాయకుండా ఆవిడ గురించి రాయడం కుదరడం లేదు.

ఆవిణ్ణి అందరూ దువ్వెనమ్మ అనేవారు.

నేను పనిచేసేది ఒక రేడియో అబ్జర్వేటరీలో. పెద్ద బయలులో ముప్ఫై డిష్‌లు ఆకాశంలోకి నోళ్లు తెరుచుకుని ఉంటాయి. వాటికి పగలూ రాత్రీ ఒకటే. ఆకాశంలో గెలాక్సీలు గుంపులు గుంపులుగా ఉంటాయి. ఒక్కో గుంపులో వందలు, ఒక్కోసారి వేలు. వాటి నడుమ ఖాళీ అనుకునే చోట కోట్ల డిగ్రీల వేడితో పలుచని వాయువు నిండి ఉంటుంది. ఆ వాయువులో అయస్కాంత క్షేత్రం కూడా ఉంటుంది. మన దిక్సూచి ముల్లును తిప్పే బలంలో అది కొన్ని లక్షల వంతుల్లో ఒక వంతు. రెండు గుంపులు ఢీకొన్నప్పుడు ఆ వాయువును ఎవరో చిలికినట్టవుతుంది. అప్పుడు ఎలక్ట్రాన్లు దాదాపు కాంతి వేగం అందుకుని, ఆ క్షేత్రం చుట్టూ మెలికలు తిరుగుతూ రేడియో తరంగాలు విడుస్తాయి. ఆ వెలుగు ఏ ఒక్క గెలాక్సీదీ కాదు, గుంపంతా పరుచుకుని ఉంటుంది. చల్లటి అద్దం మీద ఊపిరి వదిలితే కమ్ముకునే ఆవిరి లాంటిది. నిజంగా చూస్తున్నామో, చూశామని అనుకుంటున్నామో తేల్చుకోవడమే కష్టం. నా ఉద్యోగం అదే.

అంత సన్నటిదాన్ని పట్టుకోవాలంటే చుట్టుపక్కల మనుషుల రేడియో చప్పుడు ఉండకూడదు. దాన్ని మేం గోల అంటాం. మొబైలు ఫోను గోల. మైక్రోవేవ్ గోల. పాడైపోయిన ట్యూబ్‌లైటు చోక్ గోల. పిల్లల రిమోట్ కారు గోల. ఆ గోల ఎక్కడి నుంచి వస్తోందో వెతికి పట్టుకుని ఆపించడమే దువ్వెనమ్మ పని. ఆవిడ చేతిలో ఒక యాంటెన్నా ఉండేది. మధ్యలో ఒక కడ్డీ, దానికి రెండు పక్కలా పళ్లు, ఒక చివర పొడుగ్గా, రెండో చివర పొట్టిగా. అచ్చం పెద్ద దువ్వెన. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఆ దువ్వెనను అటూ ఇటూ తిప్పుతూ సిబ్బంది క్వార్టర్స్ వీధిలోకి వచ్చిందంటే కుర్రకారు అరిచేవారు.

"దువ్వెనమ్మ వస్తోంది, పేలు దాచుకోండర్రా!"

"దాచుకుంటే గుడ్లు పెడతాయి నాయనా. మీ ఇంట్లో ఇప్పటికే పెట్టాయి, ఆ కొత్త స్పీకరు బయటికి తే" అనేది ఆవిడ నవ్వకుండా.

ఆవిడ చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. వాళ్ల నాన్నకు రేడియోలు బాగుచేసే కొట్టుండేది. బాగుచేసిన రేడియో గరగరమంటే, "పోయి ఈ గరగర ఏ ఇంటిదో చూసిరా" అని చిన్న రేడియో ఇచ్చి వీధిలోకి పంపేవాడట. ఎవరింట్లో స్విచ్చి వదులైందో, ఎవరి మిక్సీ అరిగిపోయిందో ఆవిడకు పదేళ్లకే తెలుసు. అబ్జర్వేటరీ కడుతున్నప్పుడు కేబుళ్లు పూడ్చే కూలి పనికి వచ్చింది. ఇంజనీర్లు నాలుగు రోజులుగా పట్టుకోలేని గోలను, తన జేబు రేడియోని స్టేషన్‌కీ స్టేషన్‌కీ మధ్య తిప్పి పెట్టుకుని, సగం పూటలో ఒక కరెంటు స్తంభం దగ్గర పట్టిచ్చింది. ఆ వారమే ఆవిడకు దువ్వెన ఇచ్చారు. ఇరవై ఆరేళ్లు అది ఆవిడ చేతిలోనే ఉంది.

ఆవిడ దగ్గర ఒక లావుపాటి పుస్తకం ఉండేది. గోల పుస్తకం. తేదీ, గోల మొదలైన వేళ, ఆగిన వేళ, దొరికిన ఇల్లు, కారణం అన్నీ అందులో రాసేది. చివరి గడి ఖాళీగా వదలడం ఆవిడకు చిన్నతనం. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు ఆ పుస్తకం మొదటి పేజీ చూపించింది. మొదటి వరుసలో ఉన్నది ఆవిడ ఇంటి నంబరే. కారణం: కుట్టుమిషను మోటారు.

"మా ఆయన టైలరు. అప్పుడే మోజుపడి మోటారు పెట్టించుకున్నాడు. నాకు దువ్వెన ఇచ్చిన రోజు అందరి ఇళ్లూ తిరగబోతూ, ముందు మనది ఆపి చూద్దామని మా ఇంటికే వెళ్లా. చెవులు చిల్లులు పడ్డాయనుకో. ఆ సాయంత్రమే మోటారు పీకించా."

"ఏమీ అనలేదా?"

"అనకేం, ఇప్పటికీ అంటాడు. ఇన్నేళ్లుగా కాలితో తొక్కుతున్నాడుగా. మోకాళ్లు చూడు, పాతికేళ్ల కుర్రాడివి. నావే అరిగాయి."

ఏ గోల వెతకబోయినా ఆవిడ పద్ధతి ఒకటే. ముందు తన వ్యాన్ ఆపుతుంది. తర్వాత తన పరికరం ఆపుతుంది. అప్పుడు గానీ దువ్వెన ఇంకొకరి ఇంటివైపు తిప్పదు.

పాపకు ఐదో నెల రాగానే నేను పూటపని ఒప్పుకుని మళ్లీ ఉద్యోగంలో చేరాను. పొద్దున ఆఫీసు, మధ్యాహ్నం ఇల్లు. పొద్దున పాపను మా అత్తగారు చూసుకునేవారు. మధ్యాహ్నం ఆవిడ కాస్త నడుం వాల్చడానికి తన ఇంటికి వెళ్లాక, నేనూ పాపా మాత్రమే. వెనక గదిలో పాప నిద్ర. ముందు గదిలో నా కాగితాలు, వంటింట్లో పని. తలుపు తెరిచి ఉంచితే చప్పుడుకు లేస్తుంది. మూసి ఉంచితే నాకు ప్రాణం నిలవదు. నిమిషానికోసారి తలుపు తెరిచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. లేచి ఏడ్చేది. ఏడిస్తే హమ్మయ్య అనుకునేదాన్ని.

ఒక రోజు ఊళ్లోకి వెళ్లి బేబీ మానిటర్ కొనుక్కొచ్చాను. ఒక ముక్క ఉయ్యాల దగ్గర, ఇంకో ముక్క నా దగ్గర. తీగ లేకుండా పాప ఊపిరి నా చెవి పక్కనే వినిపించేది.

క్వార్టర్స్‌లో అలాంటివి వాడకూడదు. వాడనని సంతకం పెట్టాను. అయినా ఒక కాగితం తీసుకుని లెక్క కట్టాను. మానిటర్ పనిచేసే ఫ్రీక్వెన్సీ వేరు, మేం ఆకాశాన్ని వినే ఫ్రీక్వెన్సీ వేరు. దగ్గరి డిష్ కూడా ఆరువందల మీటర్ల దూరంలో ఉంది. దూరంతో బలం ఇంత తగ్గుతుంది, గోడ ఇంత ఆపుతుంది. లెక్క ప్రకారం ఇబ్బంది లేదు. లెక్కలో తప్పు కూడా లేదు. కాకపోతే మానిటర్‌కు కరెంటు ఇచ్చే చవకబారు అడాప్టర్‌ను లెక్కలోకి తీసుకోలేదు. అలాంటి అడాప్టర్ ఏ ఒక్క ఫ్రీక్వెన్సీకీ కట్టుబడదు. అన్నిటిమీదా ఉమ్మేస్తుంది. ఆ సంగతి ఈ చదువు చదవని వాళ్లకు తెలియకపోతే తప్పు కాదు.

ఆ నెలలో మధ్యాహ్నాలు మా డిష్‌లు నా గెలాక్సీ గుంపుల మీదే ఉన్నాయి. ఒకదానివైపు ఒకటి వస్తున్న రెండు గుంపులు. వారం తిరిగేసరికి నా చిత్రంలో ఆ రెంటినీ కలుపుతూ ఒక మసక వంతెన కనబడింది. మా విభాగాధిపతిని మేం పెద్దాయన అంటాం. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశారు.

"అమ్మాయ్, ఇది నిజమైతే గుంపుల బయట, వాటి మధ్య కూడా అయస్కాంత క్షేత్రం ఉన్నట్టే. రాయడం మొదలుపెట్టు."

మర్నాడే ఇంజనీరు వచ్చి మధ్యాహ్నాలు గోల ఉంటోందని చెప్పాడు. దూరదూరంగా ఉన్న డిష్‌ల జంటలు చిన్న వివరాలను చూస్తాయి. పక్కపక్కనే ఉన్న జంటలు పరుచుకున్న పలుచని వెలుగును పడతాయి. గోల అంటుకునేదీ ఎక్కువగా ఈ పక్కపక్క జంటలకే. అంటే నా వంతెన ఏ జంటల మీద నిలబడిందో ఆ జంటలే చెడ్డాయి.

అది వినగానే నాకు అనుమానం వచ్చింది. ఒక్క మధ్యాహ్నం మానిటర్ ఆపేస్తే తేలిపోతుంది. తేలిపోతుందనే ఆపలేదు.

దువ్వెనమ్మ వెతకడం మొదలుపెట్టింది. పెట్రోలు బండ్ల ప్లగ్గుల్లో పుట్టే నిప్పురవ్వ కూడా గోలే కాబట్టి మా దగ్గర అన్నీ డీజిలు బండ్లే. ఆవిడ వ్యాన్ వాటన్నిటిలో ముసలిది. వీధి మొదట్లో ఉండగానే డబడబమని ఇంట్లో గిన్నెలు కదిలేవి. ఆ చప్పుడు వినగానే నేను వెనక గదిలోకి పరిగెత్తి అడాప్టర్ పీకేసేదాన్ని. వ్యాన్ వెళ్లిపోయాక మళ్లీ పెట్టేదాన్ని. ఇలా పదకొండు రోజులు. పదకొండు రోజులూ గోల పుస్తకంలో చివరి గడి ఖాళీ.

అప్పుడే ఆవిడ కాంట్రాక్టు పొడిగించే సమయం వచ్చింది. మూడేళ్లకోసారి మీటింగు పెట్టి పొడిగిస్తారు. ఆ మీటింగులో నేనూ ఉన్నాను. కార్యాలయ అధికారి కుర్చీలో వెనక్కి వాలి అడిగాడు.

"ఏమ్మా, పదకొండు రోజులైంది. చెవులు పాతబడ్డాయా?"

"చెవులు బాగానే ఉన్నాయి సార్. మీరు పొద్దున క్యాంటీన్లో నా గురించి అన్నది కూడా వినపడింది" అంది దువ్వెనమ్మ. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "ఇది వింత గోల సార్. ఆకాశానిదైతే చుక్కల్లా రోజుకు నాలుగు నిమిషాలు ముందుగా రావాలి. మనుషుల యంత్రానిదైతే గడియారం ప్రకారం రావాలి. ఇది రెంటికీ లొంగడం లేదు. ఒకరోజు రెంటికి, ఒకరోజు రెండున్నరకి, నిన్న ఒంటిగంటకే. నేను అక్కడికి వెళ్లగానే ఆగిపోతుంది."

"నువ్వు వెళ్లగానే ఆగుతుందా?" అన్నాడు ఇంజనీరు.

వీళ్లిప్పుడు ఆలోచిస్తారు, ఆలోచిస్తే క్వార్టర్స్ దాకా వస్తారు అనిపించింది. నోరు తెరిచాను.

"పోయిన నెల వ్యాన్‌కి కొత్త ఆల్టర్నేటర్ వేశారు కదా. గోల వ్యాన్‌దే అయి ఉండొచ్చేమో. వెతకడానికి దిగేముందు వ్యాన్ ఆపేస్తారు కాబట్టి గోలా ఆగుతోందేమో."

ఎంత సబబుగా ఉందంటే అందరూ తలూపారు. దువ్వెనమ్మ నావైపు చూసింది. కోపం లేదు. ఆవిడ నిజంగానే ఆలోచిస్తోంది.

"అవును, ముందు మనది చూడాలిగా. వ్యాన్ షెడ్డులో పెట్టేయండి. నేను నడుస్తా" అంది.

కాంట్రాక్టు సంగతి తర్వాత చూద్దామన్నారు. ఫైలులో 'వ్యాన్‌పై అనుమానం' అని రాయడం నేను చూశాను. ఆ మధ్యాహ్నం ఇంటికి వెళ్లి అన్నం తినలేకపోయాను. అయినా పాప పడుకోగానే మానిటర్ పెట్టాను.

యాభై ఎనిమిదేళ్ల మనిషి, అరిగిన మోకాళ్లతో, ఎండలో, ఆరు రోజులు ఆ బయలంతా నడిచింది. నేను కిటికీ పరదా సందులోంచి చూసేదాన్ని. దూరంగా చిన్న ఆకారం, చేతిలో దువ్వెన.

ఏడో రోజు రెండుంపావుకు తలుపు చప్పుడైంది. తీశాను. గుమ్మంలో దువ్వెనమ్మ. చెప్పులనిండా దుమ్ము, మెడలో హెడ్‌ఫోన్లు. వ్యాన్ ఉంటే చప్పుడు వినపడేది. ఆ వ్యాన్‌ను ఆపించింది నేనే.

"పాప పడుకుందా?" అంది గొంతు తగ్గించి.

"ఇప్పుడే..."

"రెంటికి ఐదు నిమిషాలుండగా పడుకుంది. నిన్న రెండూ ఇరవైకి. గురువారం సాయంత్రం ఐదింటిదాకా లేవలేదు. జ్వరమేమైనా వచ్చిందా?"

గురువారం పాపకు టీకా వేయించాం. మగతగా చాలాసేపు పడుకుంది.

ఆవిడ సంచిలోంచి గోల పుస్తకం తీసి, వేలితో వరుసలు చూపించింది. మొదలైన వేళ, ఆగిన వేళ. వ్యాన్ చప్పుడుకు నేను పీకేసిన ఖాళీలు పోను, పద్దెనిమిది రోజుల నా కూతురి నిద్ర అక్షరం పొల్లుపోకుండా అందులో ఉంది.

"గడియారానికీ ఆకాశానికీ లొంగనిది ఏముంటుందా అని రాత్రి పడుకుని ఆలోచించా. ఇద్దరు పిల్లల్ని పెంచినదాన్ని, ఇన్నాళ్లు తట్టలేదు చూడు. పసిపిల్ల నిద్రమ్మా ఇది. ఈ వీధిలో పసిపిల్ల ఉన్నది ఒక్క ఇంట్లోనే."

లోపలికి వచ్చింది. ఉయ్యాల దగ్గర ఎర్ర దీపంతో వెలుగుతున్న మానిటర్‌నూ, దాని అడాప్టర్‌నూ చూసింది. ముట్టుకోలేదు. హెడ్‌ఫోన్లు తీసి నా చెవులకు పెట్టింది. పెనంమీద నీళ్లు చల్లినట్టు ఒకటే చిటపట.

"ఇప్పుడు నువ్వే ఆపు."

పీకాను. చప్పున నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం కోసమే నాకు జీతం ఇస్తున్నారు.

"పెద్దమ్మా, రాయకండి" అన్నాను. ఇన్ని తప్పుల తర్వాత ఇంకొకటి. "పాప నీలంగా మారడం నేను చూశాను. భయమేసి పెట్టాను. రేపటి నుంచి పెట్టను. రాయకండి."

"మా ఆయన్నే రాశా, నిన్ను వదులుతానా?" అంటూ అక్కడే నేలమీద కూర్చుని, పుస్తకం మోకాలిమీద పెట్టుకుని, మా ఇంటి నంబరు రాసింది. కారణం: అడాప్టర్. మూత పెట్టి పెన్ను జేబులో పెట్టుకుంది. లేవడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది.

"భయమేసి పెట్టావు, అది అర్థమైంది. నేనైనా పెడతానేమో. వ్యాన్ మాట ఎందుకన్నావు?"

తల వంచుకుని పాప వైపు చూశాను. ఆవిడ దువ్వెన చంకన పెట్టుకుంది.

"ఐదింటికి పుస్తకం ఆఫీసులో ఇస్తా" అని వెళ్లిపోయింది.

పాప లేచాక ఎత్తుకుని నాలుగింటికే ఆఫీసుకు వెళ్లాను. పెద్దాయనకూ, అధికారికీ, ఇంజనీరుకూ మొత్తం చెప్పాను. వ్యాన్ మాట కూడా. గురువారం ఐదింటిదాకా అన్న దగ్గర పెద్దాయన కళ్లజోడు తీశారు.

"అయితే మనం వంతెన అనుకున్నది ఈవిడ నిద్రన్నమాట" అన్నారు పాపను చూస్తూ. పాప ఆయన్ని చూసి నవ్వింది. గదిలో నవ్వింది అదొక్కతే.

ఆ మధ్యాహ్నాల సమాచారమంతా తీసేసి మళ్లీ చిత్రం గీశాను. వంతెన లేదు. రెండు గుంపుల్లో ఒకదాని చుట్టూ మాత్రం పలుచని ఆవిరి నిలిచింది. దాన్ని ఎన్ని రకాలుగా పరీక్షించినా పోలేదు. రాసిన వ్యాసం దాని గురించే. గోలను ఎవరు పట్టుకున్నారో అందులో రాశాను. వంతెన గురించి తొందరపడ్డందుకు అందరి ముందూ తలెత్తుకోలేని రోజులు చాలానే గడిచాయి. అవి నాకు తగినవే.

నా రాతపూర్వక క్షమాపణ ఫైలులో పెట్టారు. దువ్వెనమ్మకు వ్యాన్ తిరిగి ఇచ్చారు. కాంట్రాక్టు మాత్రం మూడేళ్లకు బదులు ఒక్క ఏడాదే పొడిగించారు. మీటింగు వాయిదా పడ్డ ఆ కొద్ది రోజుల్లోనే, గోలను దానంతటదే ఏరిపారేసే సాఫ్ట్‌వేర్ తెప్పించుకోవాలని ఎవరో ప్రతిపాదించారు. నా ఉత్తరం వల్ల ఆ ఒక్క ఏడాదైనా వచ్చిందని పెద్దాయన నన్ను ఓదార్చారు. ఆ రోజు నేను నోరు మూసుకుని ఉంటే మూడేళ్లూ వచ్చేవని నాకు తెలుసు. ఆయనకూ తెలుసు.

ఆ తర్వాతి ఆదివారం ఆవిడ మళ్లీ మా గుమ్మంలోకి వచ్చింది. చేతిలో దువ్వెన లేదు. పాత హెడ్‌ఫోన్లు, గుండీ అంత మైకు, చిన్న బ్యాటరీ, చుట్టచుట్టిన తీగ.

"మా నాన్న కొట్టు సామాన్లు ఇంకా ఒక పెట్టె ఉన్నాయి. తీగ ఉంటే గోల ఉండదు. పరీక్షించాకే తెచ్చాలే" అంది. తలుపు కింద సందులోంచి తీగ లాగి, మైకు ఉయ్యాల కొయ్యకు కట్టింది. మా ఆయన టీ తెచ్చి ఇస్తే తాగింది. నేను క్షమాపణ చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "చెప్పావుగా ఆఫీసులో. మళ్లీ నాకు వినిపించకు. మోకాళ్ల నొప్పి తగ్గాక చూద్దాం."

హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. ఏమీ వినపడలేదు. లోపలికి పరిగెత్తబోతే ఆవిడ మోచెయ్యి పట్టి ఆపింది.

"పాపను లేపకు. ముందు నీది ఆపు. ఫ్యాను ఆపు, ఆ గాజులు కదపకు, ఊపిరి బిగబట్టు. అప్పుడు విను."

పాపకు ఇప్పుడు మూడేళ్లు. ఆ తీగ ఎప్పుడో తీసేశాం. దువ్వెనమ్మ ఉద్యోగం మాని, టైలరుగారికి గుండీలు కుడుతూ కూర్చుంటోంది. చిత్రంలో కొత్త వెలుగు ఏది కనబడినా, ఎవరికీ చూపించక ముందు ఆ రోజుల్లో మా ఇంట్లో ఏమేం నడిచాయో రాసుకుంటాను. మధ్యాహ్నం పాప పడుకున్న గదిలోంచి ఏ అలికిడీ రాకపోతే ఇప్పటికీ నా కాళ్లు వాటంతటవే లేస్తాయి. తలుపు దగ్గర ఆగుతాను. ఫ్యాను ఆపుతాను. ఊపిరి బిగబడతాను. వింటాను.